పెద్దవారిని ఎవరి చేతుల్లో పెట్టాలి: దగ్గరి ఆశ్రమమా, విశాఖ కేంద్రమా, ఇంట్లో ఆయానా

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం నుంచి రణస్థలం వరకు, ఇటు విజయనగరం జిల్లాలో రాజాం నుంచి శృంగవరపుకోట వరకు, ఏ ఊరి వీధిలో నడిచినా, పిల్లలు హైదరాబాదులోనో చెన్నైలోనో గల్ఫ్ దేశాల్లోనో పనులు చేసుకుంటుండగా అరుగు మీద ఒంటరిగా కూర్చున్న పెద్దవారు కనిపిస్తారు. వారు నడవగలిగినంత కాలం ఎవరికీ ఇబ్బంది ఉండదు. తుంటి ఎముక విరిగిన రోజునో, పక్షవాతం వచ్చిన రోజునో, పొయ్యి మీద గిన్నె మరచిపోయి ఇల్లంతా పొగ నిండిన రోజునో పిల్లలంతా ఫోన్లలో మాట్లాడుకోవడం మొదలవుతుంది, వారం తిరగకుండా ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఆ వారంలో అందరూ అడిగే ప్రశ్న నెలకు ఎంత అవుతుందనే. రాత్రి రెండు గంటలకు ఆ పెద్దవారి పక్క తడిస్తే మార్చేదెవరు, మార్చకపోతే ఆ సంగతి మనకు తెలిసేదెలా అన్న ప్రశ్న ఎవరికీ తోచదు.

మా పెద్దమ్మ విషయంలో మాకూ తోచలేదు. నరసన్నపేట దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉండే ఆమెకు 79వ ఏట తుంటి విరిగి, ఆపరేషన్ తరువాత కూడా నడక సరిగా రాకపోవడంతో, గచ్చు అద్దంలా మెరుస్తూ వాకిట్లో తులసికోట ఉన్న ఒక ఆశ్రమంలో నెలనెలా డబ్బు కట్టే పద్ధతిన చేర్చాము. నెలకొకసారి, ఆదివారం పదకొండు గంటలకు, ముందు రోజు ఫోన్ చేసి మరీ వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ ఉతికిన చీర, దువ్విన తల, ముడత లేని దుప్పటి కనిపించేవి. నాలుగు నెలల తరువాత కనుమ నాడు, అరిసెలు ఇచ్చి వద్దామని, చెప్పకుండా సాయంత్రం ఐదు గంటలకు వెళ్లాను. ఆమె చీర తడిసి, ఆరి, మళ్లీ తడిసి ఉంది. మడమ మీద నీటి పొక్కు, నడుము కింద తోక ఎముక దగ్గర నల్లబడిన పుండు ఉన్నాయి. నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట, "ఆళ్లని ఏటీ అనకు నాయినా, నువ్వు మళ్లీ ఎల్లిపోతావు" అని.

ఆ రోజు అక్కడ ఉన్నది ఒక్క ఆయా. మిగిలిన ఇద్దరూ పండుగకు వారి ఊళ్లకు వెళ్లారు. భోగి ఉదయం నుంచి ఆమె ఇంటికి వెళ్లలేదు, ఆమె కాళ్లు కూడా వాచి ఉన్నాయి. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇన్ని నెలలూ పదకొండు గంటలకే వచ్చిన మా మీద కోపం వచ్చింది. అప్పటి నుంచి బంధువుల కోసం, తెలిసినవారి కోసం ఈ రెండు జిల్లాల్లోనూ విశాఖపట్నంలోనూ ఉన్న వసతులను దగ్గరగా చూస్తూ వచ్చాను. చూసిన మీదట నాకు తేలింది ఇది: భవనం, భోజనపు పట్టిక, గదిలో ఏసీ వంటివన్నీ పోల్చడం తరువాతి సంగతి. మొదట పోల్చవలసినవి రెండే. రాత్రి పూట పని చేసే చేతులు ఎన్ని, మన వాళ్ల చూపు అక్కడ వారానికి ఎన్నిసార్లు పడుతుంది. ఈ రెండింటిలో ఏది లోపించినా మంచివారు నడిపే చోట కూడా నిర్లక్ష్యం మొలుస్తుంది.

చేతుల లెక్క

మంచం దిగలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని వైద్యులు చెబుతారు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు వరకు అంటే నాలుగు సార్లు. తిప్పి, డైపర్ చూసి, తడిస్తే తుడిచి మార్చి, మోకాళ్ల మధ్య దిండు సర్దడానికి ఎంత చురుకైన ఆయాకైనా ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. అలాంటి వారు పదిమంది ఉంటే 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. ఎనిమిది గంటల రాత్రిలో ఒక్క మనిషి, మధ్యలో ఎవరూ పిలవకుండా, ఎవరూ పడిపోకుండా, తాను కన్ను మూయకుండా చేయగలిగితేనే ఈ లెక్క కుదురుతుంది. బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి కనుక నిజానికి అప్పటికీ కుదరదు. భోజనం లెక్క కూడా ఇలాగే ఉంటుంది. నోట్లో పెడితే తప్ప తినలేని వారికి ఒక పూట తినిపించడానికి 25 నిమిషాలు వేసుకుంటే, పన్నెండు మందికి ఐదు గంటలు. ఒక్క ఆయా ఉన్న చోట అది ముప్పావుగంటలో ముగిసిందంటే తినలేదన్న మాట, లేదా ముద్దలు కుక్కారన్న మాట. పడుకోబెట్టి త్వరత్వరగా పెట్టిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది కాబట్టి రెండోది మొదటిదాని కన్నా ప్రమాదం.

అందువల్ల ఏ చోటికి వెళ్లినా మొత్తం సిబ్బంది ఎంతమంది అని అడగవద్దు. ఆ సంఖ్యలో వంటవారు, తోటమాలి, మేనేజరు అందరూ కలిసిపోతారు. మంచం దిగలేని వారు ఎంతమంది, నోట్లో పెట్టవలసిన వారు ఎంతమంది, రాత్రి మెలకువగా ఉండే ఆయాలు ఎంతమంది అని మూడు సంఖ్యలు విడివిడిగా అడిగి, పైన చెప్పిన లెక్క మీరే వేసుకోండి. సంక్రాంతి మూడు రోజులు, విజయనగరంలో అయితే పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమానోత్సవం రోజులు, ఎవరు డ్యూటీలో ఉంటారో కూడా అడగండి. ఏర్పాటు ఉన్నవారు వెంటనే చెబుతారు. లేనివారు "అప్పుడు చూసుకుంటాం" అంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలు ఈ విషయంలో మనసును కలచివేస్తాయి. ఇళ్లలో, సమాజంలో ఉండే 60 ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకమైన వేధింపునో నిర్లక్ష్యాన్నో ఎదుర్కొన్నారని, సంరక్షణ గృహాల్లో పనిచేసే ప్రతి ముగ్గురిలో ఇద్దరు గత ఏడాదిలో తాము అలాంటి పని చేశామని స్వయంగా ఒప్పుకున్నారని ఆ సంస్థ తెలియజేసింది. ముగ్గురిలో ఇద్దరూ దుర్మార్గులై ఉండరు కదా. అలసిపోయిన మనుషులు, చాలని చేతులు, అడిగే దిక్కు లేని గదులు కలిసినప్పుడు ఇది జరుగుతుంది.

ఒంటి మీద ఏం చూడాలి

ఎంపిక చేసే ముందు కూడా, చేర్చిన తరువాత కూడా, చూడవలసినది మనిషి శరీరమే. లోతైన పడక పుండు సాధారణంగా ఒక్క రోజులో రాదు, కానీ దాని మొదటి గుర్తు కొద్ది గంటల ఒత్తిడితోనే మొదలవుతుంది. తోక ఎముక, మడమలు, తుంటి పక్కలు, భుజపుటెముకలు, మోచేతులు, తల వెనుక భాగం చూడాలి. పుస్తకాల్లో "ఎర్రబడిన చర్మం" అని రాస్తారు గాని, మన చామనచాయ ఒంటి మీద ఎరుపు స్పష్టంగా కనబడకపోవచ్చు. ఊదా రంగో మరింత నలుపో తిరిగి, చుట్టుపక్కల చర్మం కన్నా వెచ్చగానో గట్టిగానో మెత్తగానో తగులుతుంది. వేలితో కొద్ది క్షణాలు నొక్కి వదిలితే ఆరోగ్యంగా ఉన్న చోట రంగు తేలిపోయి తిరిగి వస్తుంది. నొక్కినా రంగు మారకపోతే లోపల కండ దెబ్బతినడం మొదలైందని అర్థం. అలాంటి చోట కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దడం, గుండ్రని గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం చాలా చోట్ల చూశాను. రెండూ మేలు కన్నా కీడు చేస్తాయి. ఆ భాగం మీద బరువు పడకుండా తిప్పి పడుకోబెట్టడమే అసలు చికిత్స. గాలి పరుపు దానికి సాయం చేస్తుందే గాని, తిప్పే మనిషికి బదులు కాదు.

తరువాత బరువు. నెలలో ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు, ఆరు నెలల్లో పది వంతులు తగ్గితే అది వైద్యుడికి చూపించవలసిన తగ్గుదల. 50 కిలోల మనిషికి అది నెలలో రెండున్నర కిలోలు, ఆరు నెలల్లో ఐదు కిలోలు. మా పెద్దమ్మ 48 కిలోలతో వెళ్లి నాలుగు నెలల్లో 41కి వచ్చింది. జాకెట్టు వదులైంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, అవి మా కళ్ల ముందే ఉన్నాయి. చేరిన రోజున ఒకసారి, నెలకొకసారి బరువు తూచి రాయించి ఉంటే రెండో నెలలోనే తెలిసేది. ఆమె చిన్నప్పటి నుంచి చోడి (రాగి) అంబలికి అలవాటు పడిన మనిషి. పళ్లు లేని నోటికి అక్కడ ఉదయం ఇచ్చినది గట్టి ఇడ్లీ. ఇంత చిన్న సంగతి కూడా నెలల తరబడి సాగితే ఆకలి అవుతుంది.

నీళ్లు తక్కువైతే నాలుక ఎండుతుంది, మూత్రం ముదురు రంగులో చిక్కగా వస్తుంది, నిన్నటి దాకా స్పష్టంగా మాట్లాడిన మనిషి ఇవాళ మాటలు తికమకగా మాట్లాడుతారు. వయసు పెరిగే కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కనుక అడిగితే ఇస్తాం అన్న పద్ధతి పెద్దవారికి సరిపోదు. కొన్ని చోట్ల రాత్రి పక్క తడవకూడదని సాయంత్రం నుంచి నీళ్లు ఇవ్వరు. దీనిని నేను నిర్లక్ష్యంలో అతి హీనమైనదిగా లెక్కిస్తాను. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన కిడ్నీ రోగులకు, డయాలిసిస్ చేయించుకునే వారికి, వైద్యులే నీటికి పరిమితి పెడతారు. అక్కడ తక్కువ నీళ్లు ఇవ్వడం వైద్యంలో భాగం కావచ్చు. ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకుని అంత ఇస్తున్నారా అని చూడాలి.

ఎప్పుడు వెళ్లినా నిద్రలోనే ఉంటే అనుమానించండి. మతిమరుపు ఉన్నవారు రాత్రి తిరుగుతారని, కేకలు వేస్తారని, వైద్యుడు రాయని నిద్రమాత్రలు ఇచ్చే చోట్లు ఉన్నాయి. మందుల చీటీ తీసుకుని, ఖాళీ స్ట్రిప్పులు ఉంచమని చెప్పి, నెలకొకసారి లెక్క చూడడం మంచి అలవాటు. చీటీలో లేని మాత్ర ఉన్నా, చీటీలో ఉన్న బీపీ మాత్రలు మిగిలిపోయినా అడగవచ్చు. మణికట్టు చుట్టూ కట్టిన గుర్తు, రెండు దండచేతుల మీద వేళ్ల ఆకారంలో కమిలిన మచ్చలు, పెరిగి వంగిపోయిన కాలి గోళ్లు, బీరువాలో పడి ఉన్న కట్టుడుపళ్లు, బ్యాటరీ అయిపోయిన వినికిడి యంత్రం, ఇవన్నీ ఒక్కొక్కటీ కొంత చెబుతాయి. కళ్లజోడు పోయి రెండు నెలలైనా ఎవరూ గమనించలేదంటే ఆ మనిషి ముఖాన్ని రెండు నెలలుగా ఎవరూ సరిగా చూడలేదని అర్థం.

ప్రతి మచ్చా నేరం కాదని కూడా చెప్పాలి. ముసలితనంలో చర్మం కాగితంలా పలచబడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు వాడే వారికి చిన్న తాకిడికే కమిలిపోతుంది. క్యాన్సర్, ముదిరిన డిమెన్షియా ఉన్నవారు ఎంత పెట్టినా బరువు తగ్గవచ్చు, చివరి రోజుల్లో ఎంత జాగ్రత్తగా చూసినా పుండు రావచ్చు. తేడా తెలిసేది అడిగినప్పుడు వచ్చే సమాధానంలోనే. పుండు ఏ తేదీన మొదట కనిపించింది, ఎవరికి చూపించారు, అప్పటి నుంచి ఏం చేస్తున్నారు అన్న మూడింటికీ రాసిన జవాబు ఉన్న చోట సంరక్షణ జరుగుతోంది. "పెద్దవయసు కదండీ" అన్న ఒక్క మాటే జవాబైతే జరగడం లేదు.

ఇంకొక మాట. "బాగున్నావా" అని అడిగితే పెద్దవారు బాగున్నాననే అంటారు. పక్కన ఆయా నిలబడి ఉంటే అసలు వేరే మాట రాదు. వరండాలోకి తీసుకువచ్చి, నిన్న రాత్రి ఎవరు వచ్చారు, ఏం పెట్టారు, మధ్యలో లేచావా, పిలిస్తే పలికారా అని అడగండి. జవాబు చెప్పే ముందు తలుపు వైపు చూస్తే ఆ చూపే మీకు జవాబు.

నాలుగు దారులు

సొంత ఇంట్లో ఆయాను పెట్టడం మొదటి దారి. ఊరు తెలిసిన ఊరు, గాలి తెలిసిన గాలి, దారిన పోయేవారు పలకరిస్తారు, ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. మతి తప్పుతున్న వారికి అలవాటైన ఇల్లు చేసే మేలు ఏ కొత్త చోటూ చేయలేదు. కానీ ఇంట్లో కూడా నిర్లక్ష్యం ఉంటుంది, పైగా తలుపు మూసి ఉంటుంది. ఒక్క ఆయాను ఇరవై నాలుగు గంటలకు కుదుర్చుకుంటే, ఆమెకు నిద్ర ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు లేనట్టే. పగటికి ఒకరు, రాత్రికి ఒకరు, వారానికి ఒక రోజు సెలవుకు బదులు మనిషి, వీధిలో తాళంచెవి ఉన్న ఒక బంధువు లేదా పొరుగువారు, ఈ నాలుగూ కుదిరితే మంచం పట్టిన వారికి కూడా ఇదే మంచి దారి అని నా నమ్మకం. నాలుగింటిలో చివరిది లేకపోతే మొదటి మూడూ ఉన్నా నేను ఈ దారి సూచించను. కెమెరా పెట్టి దుబాయ్ నుంచి చూస్తామనే వారికి, కెమెరా తడిసిన పక్కను చూపదని గుర్తు చేస్తాను.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనో, టెక్కలి, బొబ్బిలి వంటి చోట్లనో డబ్బు కట్టి ఉండే ఆశ్రమాలు రెండో దారి. వీటికి ఉన్న గొప్ప బలం దగ్గరితనం. ఊళ్లో ఉన్న మేనల్లుడు, సంతకు వచ్చిన పక్కింటివారు, పదవీ విరమణ చేసిన పాత స్నేహితుడు, ఎవరో ఒకరు వారానికి రెండుసార్లు తొంగి చూడగలరు. బలహీనత రాత్రి చేతులు, నర్సు లేకపోవడం. పుండుకు కట్టు కట్టేది, మూత్రపు గొట్టం మార్చేది శిక్షణ పొందిన నర్సా, చూసి నేర్చుకున్న ఆయానా అని అడగండి. నెల రుసుములో డైపర్లు, మందులు, ఆసుపత్రి తోడు కలుస్తాయా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డైపర్లు మన ఖర్చు అయిన చోట మనం పంపిన పొట్లాలు, వాడిన సంఖ్య సరిపోలుతున్నాయా అని చూడడం కూడా ఒక తనిఖీయే.

విశాఖపట్నంలో నర్సులతో నడిచే పెద్ద సంరక్షణ కేంద్రాలు మూడో దారి. గొట్టం ద్వారా ఆహారం, ఆక్సిజన్, లోతైన పుండ్లు, పక్షవాతం తరువాత ఫిజియోథెరపీ అవసరమైన వారికి ఇవి తప్పనిసరి కావచ్చు. ఆసుపత్రి దగ్గర, రాత్రి నర్సు ఉంటుంది. అయితే శ్రీకాకుళం నుంచి అది నూరు కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం వారికి దానికి రెట్టింపు దూరం. మొదటి నెల వారానికొకసారి వెళతారు, మూడో నెలకు నెలకొకసారి అవుతుంది, ఆ తరువాత వీడియో కాల్ మిగులుతుంది. విజయనగరం, కొత్తవలస ప్రాంతాల వారికి విశాఖ దగ్గరే కనుక వారి లెక్క వేరు. శ్రీకాకుళం జిల్లా వారికి నా సలహా ఏమిటంటే, వైద్య అవసరం ఉన్న రెండు మూడు నెలలు అక్కడ ఉంచి, పుండు మానిన తరువాత, గొట్టం తీసిన తరువాత, మన వాళ్ల చూపు పడే చోటికి తీసుకురండి. విశాఖలో నివసించే కొడుకో కూతురో ఉంటే ఈ మాట వర్తించదు.

నాలుగోది ఉచిత ఆశ్రమాలు, ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే గృహాలు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 19వ సెక్షన్, దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి తక్కువ కాకుండా వసతి ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం గృహాలు నెలకొల్పవచ్చునని చెబుతుంది. నెలకొల్పవచ్చు అన్నదే చట్టంలోని మాట కనుక దానిని హక్కుగా అడగడం కష్టం. ఉచిత ఆశ్రమాలలో చాలావరకు తమ పని తాము చేసుకోగల వారినే చేర్చుకుంటాయి. సేవాభావంతో నడిపే చోట్ల ప్రేమ ఎక్కువగా చూశాను, రాసిపెట్టే అలవాటు తక్కువగా చూశాను. ఇక్కడ అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, మంచం పట్టిన రోజున ఏం చేస్తారన్నది. ఆసుపత్రికి పంపి ఊరుకుంటారా, తిరిగి చేర్చుకుంటారా, ఎవరికి కబురు చేస్తారు? వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి రాష్ట్రంలో నెలకు 4,000 రూపాయలు వస్తోంది. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉందో, ఏ కాగితం మీద వేలిముద్ర వేయించారో నెలనెలా చూడాలి.

డబ్బు కట్టే చోటికి, ఉచిత చోటికి చట్టం దృష్టిలో కూడా ఒక తేడా ఉంది. రుసుము తీసుకుని ఇచ్చే సేవ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పూర్తిగా ఉచితమైన సేవకు ఆ దారి లేదు. అందుకే రసీదు ఇవ్వని ఆశ్రమంలో, ఎంత మంచి పేరున్నా, డబ్బు కట్టవద్దు.

ఎవరికి ఏది

నడుస్తూ, తెలివిగా ఉండి, ఒంటరితనంతో కుమిలిపోయే వారికి దగ్గరి పట్టణంలోని చిన్న ఆశ్రమం చాలు, ఇంటి కన్నా మేలు కూడా చేస్తుంది. డయాలిసిస్ వారికి మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి, పలాస, సోంపేట, శ్రీకాకుళం వంటి డయాలిసిస్ కేంద్రానికి అరగంట దూరంలో చోటు చూడండి. వారానికి రెండు మూడు సార్లు గంటల కొద్దీ ప్రయాణం చేయిస్తే ఏ ఆశ్రమమైనా ఒక రోజు మానేయిస్తుంది, ఆ మానేసిన రోజే ప్రాణాంతకం కావచ్చు. మతి తప్పి తిరిగే వారికి ప్రహరీ ఉన్న ఇల్లు, ఇద్దరు ఆయాలు మొదటి ఎంపిక. ఆశ్రమమే అయితే, గదికి బయటి నుంచి గడియ పెడతారా అని రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. మంచం దిగలేని వారి విషయంలో చేతుల లెక్కలో నెగ్గని చోటు ఏదైనా, ఎంత చవకైనా, ఎంత దగ్గరైనా, వద్దు.

ఎంపిక రెండు చోట్లకు దిగిన తరువాత ఒకే పని మిగులుతుంది. ఒకసారి ఉదయం ఆరున్నరకు, రాత్రి డ్యూటీ దిగే వేళకు, ఒకసారి రాత్రి భోజనం వేళకు చెప్పకుండా వెళ్లాలి. లోపలికి రానివ్వని చోటును అక్కడే వదిలేయండి, పెద్దవారి ఏకాంతం కోసం గది బయట కాసేపు ఆగమంటే అది మర్యాద, గేటు బయట ఆపితే అది వేరు. ఉదయం ఆరున్నరకు ఫినాయిల్ వాసన కన్నా మూత్రపు వాసన ముందు తగిలితే అడ్వాన్సు కట్టకండి.

ఒప్పందంలో నోటి మాటకు చోటు ఇవ్వకండి. ఏ వేళనైనా చూడటానికి రావచ్చునని, నెలకొకసారి బరువు తూచి రాస్తారని, పడిపోయినా, పుండు కనిపించినా, ఒక పూట తినకపోయినా అదే రోజు ఫోన్ చేస్తారని, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలో, ఎవరి అనుమతితోనో, మానుకుంటే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాయించండి. పిల్లలు విదేశాల్లో ఉంటే, గంటలో చేరుకోగల ఒక మనిషి పేరు అందులో ఉండాలి. ఆ మనిషికి పెట్రోలు ఖర్చు ఇవ్వడానికి సంకోచించవద్దు, అది మీరు పెట్టే ఖర్చులన్నిటిలో విలువైనది.

కనిపించిన రోజున

పుండో, కట్టిన గుర్తో, అకారణమైన మత్తో కనిపిస్తే మొదట ఫోటో తీయండి, తేదీ పడేలా. తరువాత మనిషిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి పుండు కొలతలతో సహా చీటీ రాయించండి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సర్వజన ఆసుపత్రి చీటీకి తరువాత విలువ ఉంటుంది. గొడవ పడటం ఆ తరువాతి పని. పెద్దవారిని అక్కడే వదిలి గొడవ పడితే ఆ కోపం ఎవరి మీద తీరుతుందో చెప్పనవసరం లేదు, మా పెద్దమ్మ భయపడింది అందుకే. ప్రమాదం అనిపిస్తే 112. సలహా, ఫిర్యాదు, మధ్యవర్తిత్వం కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పలుకుతుంది, రూపాయి ఖర్చు లేదు.

జబ్బు వల్లనో శరీర బలహీనత వల్లనో తన పని తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని చూడకుండా వదిలేస్తే, భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఒప్పందం రాయించమని పైన గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం. పిల్లలే పెద్దవారిని వదిలించుకోవాలని ఎక్కడో దింపి వెళ్లిపోతే 2007 చట్టం 24వ సెక్షన్ అంతే శిక్ష చెబుతుంది. పోషణ ఇవ్వని పిల్లల మీద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు పెద్దవారు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు, రాలేకపోతే వారి తరఫున మరొకరు పెట్టవచ్చు, లాయరు అవసరం లేదు. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, పలాసలలో, విజయనగరం జిల్లాలో విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లిలలో ఆర్డీవో కార్యాలయాలు ఉన్నాయి. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో, అరుదైన సందర్భంలో మరో 30 రోజుల్లో, తేల్చాలని చట్టం నిర్దేశించింది.

మా పెద్దమ్మ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆమె తన ఇంట్లోనే, పగలు ఒక ఆయా, రాత్రి ఒక ఆయాతో ఉంది. తాళంచెవి ఎదురింటి పిన్ని దగ్గర ఉంది. గోడకు వేలాడే క్యాలెండరు మీద ప్రతి నెలా ఒకటో తేదీ గడిలో ఆమె బరువు రాస్తున్నారు. పోయిన నెల గడిలో 45 అని ఉంది.